బైపాస్ సికేచర్‌కి పదును పెట్టినా బెరడు నారలా వేలాడుతోంది, కారణం ఏమిటి?

#1 చిగురుమడి

బైపాస్ రకం సికేచర్ (కొమ్మలు కోసే చేతి కత్తెర). చిటికెన వేలంత పచ్చి కొమ్మ కోస్తే చెక్క తెగుతోంది కానీ కింది వైపు బెరడు నారలా పట్టుకుని వేలాడుతోంది. లాగితే అంగుళం మేర చెట్టు బెరడు కూడా ఊడి వస్తోంది. పదును పోయిందనుకుని బ్లేడుని రెండు వైపులా ఆకురాయితో రుద్దాను. దాంతో సమస్య ఇంకా ఎక్కువైంది. గోరు మీద ఆనించి చూస్తే అంచు మాత్రం బాగానే పట్టుకుంటోంది. స్ప్రింగు బాగుంది, ఎక్కడా పగుళ్లు లేవు. బ్లేడు మార్చాలా, బోల్టు బిగిస్తే చాలా?

#2 ఆకురాయి

చిగురుమడి గారూ, "రెండు వైపులా రుద్దాను" అన్నచోటే సగం జవాబు ఉంది.

బైపాస్ సికేచర్ కత్తెర జాతిది. కోసే బ్లేడుకి ఏటవాలు బయటి వైపు ఒక్కటే ఉంటుంది. లోపలి వైపు, అంటే కొక్కేన్ని (బ్లేడుకి ఎదురుగా ఉండి కొమ్మని పట్టే వంపు భాగం) రాసుకుంటూ దిగే వైపు, బల్లపరుపుగా ఉండాలి. ఆ చదును ముఖం కొక్కెం అంచుని ఆనుకుని జారితేనే చివరి నార కూడా తెగుతుంది. లోపలి వైపు ఆకురాయి పెట్టినప్పుడు అక్కడ కూడా ఒక చిన్న ఏటవాలు పడుతుంది. అంచు పదునుగానే ఉంటుంది, మీ గోటికి తగిలింది అదే. కానీ ఆ అంచు కొక్కేన్ని తాకకుండా వెంట్రుకంత ఎడంగా దిగుతుంది. చెక్క గట్టిది కాబట్టి తెగిపోతుంది. బెరడు పీచుగా, మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ సందులోకి మడతపడి జారుకుంటుంది.

అయితే రుద్దకముందు కూడా నార వేలాడిందన్నారు. అంటే ఇంకో కారణం ముందు నుంచే ఉంది. చాలావరకు అది బోల్టు వదులు. విప్పకముందే ఈ మూడూ చూసి చెప్పండి:

– స్ప్రింగు తీసేసి సికేచర్ పూర్తిగా తెరవండి. ఒక పిడిని అడ్డంగా పట్టుకుని రెండోదాన్ని పైనుంచి వదలండి. బిగువు సరిగా ఉంటే అది మెల్లగా దిగుతూ సగం దారిలో ఆగుతుంది. టక్కున పడిపోతే వదులు. అసలు కదలకపోతే బిగువు ఎక్కువ, లేదా లోపల జిగురు పట్టింది.

– పల్చటి న్యూస్ పేపరు ఒక్క పొర తీసుకుని బ్లేడు మొదలు నుంచి కొన దాకా కోయండి. ఎక్కడ తెగింది, ఎక్కడ మడత పడిందో గుర్తు పెట్టుకోండి.

– వెలుతురుకి ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా మూయండి. బ్లేడు, కొక్కెం ఒకదాన్నొకటి దాటే చోట వెలుగు గీత కనపడకూడదు.

#3 గులాబీకణుపు

దీనికి తోడు మార్కర్ పరీక్ష కూడా చేయండి. బ్లేడు చదును వైపు అంచు పొడవునా పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా పూసి, చదునైన సానరాయి మీద బ్లేడుని పూర్తిగా పడుకోబెట్టి రెండు సార్లు రుద్దండి. అంచు చివరి దాకా సిరా పోతే ముఖం చదునుగానే ఉన్నట్టు. అంచు పక్కన నల్ల గీత మిగిలిపోతే ఆ గీత వెడల్పే మీరు పొరపాటున పెట్టిన వెనక ఏటవాలు.

#4 చిగురుమడి

అన్నీ చేశాను. పిడి టక్కున పడిపోయింది. పేపరు మొదట్లో శుభ్రంగా తెగింది, సగం దాటాక కొన దాకా మడత పడింది. వెలుతురులో కూడా కొన దగ్గరే సన్న గీత కనిపించింది. మార్కర్ పరీక్షలో సగం నుంచి కొన వరకు నల్ల గీత మిగిలింది, సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది.

#5 ఆకురాయి

బ్లేడు మార్చక్కర్లేదు. అర మిల్లీమీటరే కాబట్టి రాయి మీద తీసేయొచ్చు. ఒక మిల్లీమీటరు దాటి ఉంటే గంటల తరబడి రుద్దాలి, అప్పుడు కొత్త బ్లేడు వేసుకోవడమే నయం.

విప్పే ముందు రెండు వైపులా ఫొటో తీసుకోండి. బోల్టు, నట్టు, వాషర్ ఏ వరసలో వచ్చాయో అదే వరసలో గుడ్డ మీద పేర్చండి. తిరిగి బిగించేటప్పుడు వాషర్ తిరగబడినా, ఒకటి తగ్గినా బిగువు ఎప్పటికీ కుదరదు. స్ప్రింగు ఎగిరిపోతుంది, దాన్ని వేళ్ళతో మూసి పట్టుకుని తీయండి.

ముందు శుభ్రం చేయాలి. జిగురు ఉండగానే రాయి మీద పెడితే రాయి రంధ్రాలు పూడిపోతాయి. గోరువెచ్చని సబ్బు నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, ఇత్తడి బ్రష్షుతోనో సన్న స్టీల్ పీచుతోనో రుద్దండి. అలా పోని గట్టి జిగురుకి స్పిరిటో, టర్పెంటైనో గుడ్డకి అద్ది తుడవండి. తరవాత పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనివ్వండి. బోల్టు రంధ్రం లోపలి భాగం మరచిపోకండి, బిగువు తేడాలకి చాలాసార్లు అక్కడి మట్టే కారణం.

తరవాత చదును వైపు. గరుకు రాయి మీద, సుమారు 300–400 గ్రిట్ (ఈ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన), బ్లేడుని పూర్తిగా పడుకోబెట్టి వేళ్ళతో అంచు దగ్గర నొక్కుతూ గుండ్రంగా తిప్పండి. బ్లేడు వెన్ను ఒక్క వెంట్రుక లేచినా మళ్ళీ వెనక ఏటవాలే పడుతుంది. ప్రతి ఇరవై తిప్పులకి మార్కర్ పూసి చూసుకోండి. నల్ల గీత పూర్తిగా పోయాక 1000 గ్రిట్ మీద ఓ ముప్ఫై తిప్పులు. కొన్ని బ్లేడులకి లోపలి వైపు కొద్దిగా గుంటగా తీసి ఉంటుంది. అలాంటివి అంచు దగ్గర, వెన్ను దగ్గర మాత్రమే రాయిని తాకుతాయి. మధ్యలో మెరుపు రాలేదని కంగారు పడకండి.

ఆ తరవాతే బయటి వైపు పదును. దాన్ని గులాబీకణుపు గారు ఇంకా బాగా చెప్తారు.

#6 గులాబీకణుపు

బయటి ఏటవాలు చాలా సికేచర్లలో 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటుంది. కోణమానిని పెట్టి కొలవనక్కర్లేదు, కంపెనీ పెట్టిన ఏటవాలునే అనుసరించడం సరైన పద్ధతి. ఏటవాలు మొత్తానికీ మార్కర్ పూసి, డైమండ్ ఆకురాయితో ఒక్కసారి లాగి చూడండి. సిరా వెన్ను వైపే పోతే మీ చేయి మరీ పడుకుంది. అంచు దగ్గరే పోతే మరీ లేచింది. వెడల్పంతా సమంగా పోయిందంటే అదే మీ కోణం, మణికట్టుని అక్కడే బిగపట్టండి.

400 గ్రిట్ డైమండ్ ఆకురాయి మామూలు పదునుకి సరిపోతుంది. బోల్టు వైపు నుంచి మొదలుపెట్టి కొన దాకా ఒకే ఊపులో, అంచు వంపుని అనుసరిస్తూ నెట్టండి. ఎత్తి మళ్ళీ మొదటికి రండి. ముందుకీ వెనక్కీ రంపంలా ఆడిస్తే అంచు గుండ్రం తిరుగుతుంది. బాగా మొద్దుబారని బ్లేడుకి పది, పదిహేను సార్లు చాలు. ప్రతిసారీ కొన దాకా వెళ్ళడం ముఖ్యం. మధ్యలోనే ఎక్కువ రుద్దితే అక్కడ పల్లం పడి, ఇక ఆ చోట బ్లేడు కొక్కేన్ని చేరనే చేరదు. పేపరు మధ్యలో మాత్రమే మడత పడితే కారణం ఇదే.

సరిగా రుద్దారనడానికి గుర్తు ఏమిటంటే, చదును వైపు వేలిని వెన్ను నుంచి అంచు వైపు మెల్లగా జార్చినప్పుడు (అంచు వెంబడి కాదు, వేలు తెగుతుంది) సన్నటి ఇనుప పొర గరుకుగా తగులుతుంది. అది పొడవునా తగలాలి. అప్పుడు ఆపి, చదును వైపుని 1000 రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి రెండు మూడు సార్లు రుద్దితే ఆ పొర రాలిపోతుంది. దాన్ని అలాగే వదిలేస్తే మొదటి కోతలోనే మడతపడి అంచుని మొద్దు చేస్తుంది.

గ్రైండర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకండి. అంచు పల్చన కాబట్టి రెండు క్షణాల్లో వేడెక్కుతుంది. నీలం రంగు తిరిగిందంటే సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోయినట్టు, అక్కడి ఉక్కు మెత్తబడింది. ఆ తరవాత ఎంత పదును పెట్టినా నాలుగు కోతలకి మించి నిలవదు. ఆ నీలం భాగం మొత్తం అరిగేదాకా బ్లేడు బాగుపడదు.

#7 మొదటిమొగ్గ

ఒక సందేహం. కొన్ని కంపెనీల సూచనల్లో వెనక వైపు కూడా 5 డిగ్రీల దగ్గర ఒకసారి రాయి తగిలించమని ఉంటుంది. ఇక్కడ వెనక వైపు అసలు ఏటవాలే పడకూడదంటున్నారు. ఏది నిజం?

#8 ఆకురాయి

రెండిట్లో వైరుధ్యం లేదు. ఆ 5 డిగ్రీల సూచన పదును పెట్టడానికి కాదు, అంచు మీద లేచిన పొరని తీయడానికి. సన్నటి రాయితో, బరువు వేయకుండా, ఒక్కసారి. అలా పడే గీత కంటికి కూడా కనిపించదు. ఇబ్బంది అంతా ఆకురాయితో చేసినప్పుడే. ఆకురాయి ఒక్క లాగుడులో తీసేంత ఇనుము సన్న రాయి యాభై సార్లకి కూడా తీయదు. చేతికి కోణం అలవాటు కానివాళ్ళు పూర్తిగా పడుకోబెట్టి తీయడమే క్షేమం, అందులో తప్పు జరిగే వీలు లేదు.

చిగురుమడి గారికి మిగిలింది బిగువు. భాగాలన్నీ ఆరాక బోల్టుకి, బ్లేడు–కొక్కెం రాసుకునే చోట కొద్దిగా గ్రీజు రాసి జోడించండి. స్ప్రింగు పెట్టకుండానే బిగువు చూడాలి. నట్టుని ముందు చేతికి ఆగేదాకా తిప్పి, అక్కడి నుంచి పావు చుట్టు కాదు, అందులో సగం చొప్పున బిగిస్తూ పిడి పరీక్ష చేయండి. మెల్లగా దిగి సగంలో ఆగితే చాలు. నట్టుని ఆపే చిన్న స్క్రూ గానీ పళ్ళ వాషర్ గానీ ఉంటే అది తప్పక బిగించాలి. లేకపోతే ప్రతి కోతకీ నట్టు కాస్త కాస్త వదులై నాలుగు రోజుల్లో మళ్ళీ మొదటికి వస్తుంది. లోపల నైలాన్ ఉన్న నట్టు అయితే పదే పదే విప్పాక పట్టు పోతుంది, దాన్ని మార్చేయాలి.

అతి బిగువు కూడా చేటే. బ్లేడు, కొక్కెం ఒకదాన్నొకటి గీసుకుని చదును ముఖం మీద గాట్లు పడతాయి, చేయి కూడా త్వరగా అలిసిపోతుంది.

#9 కొమ్మకోత

అసలు అంత వదులు ఎందుకు వచ్చిందో కూడా చూడాలి, లేదంటే నెలలో మళ్ళీ ఇదే ప్రశ్న వస్తుంది. దాదాపు ప్రతిసారీ కారణం మెలిపెట్టడమే. కొమ్మ కాస్త లావుగా ఉంటుంది, సగం దిగి ఆగుతుంది, అప్పుడు మణికట్టు పక్కకి తిప్పి ఊపుతారు. ఆ ఊపు బ్లేడుని కొక్కెం నుంచి పక్కకి నెట్టేస్తుంది. బోల్టు సాగుతుంది, బ్లేడు కొన బయటికి వంగుతుంది.

చేతి సికేచర్ల మీద 20 నుంచి 25 మిల్లీమీటర్ల దాకా కోయొచ్చని రాసి ఉంటుంది. అది మెత్తటి పచ్చి కొమ్మకి, పూర్తి బలంతో. రోజంతా పని చేయాలంటే 15 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి. అది దాటితే పొడుగు పిడుల లాపర్. లాపర్‌తో రకాన్ని బట్టి 35 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా వెళ్ళొచ్చు. ఆపైన రంపం. నా లెక్క ఏమిటంటే, ఒక్క నొక్కుడులో తెగకపోతే చేతిలో ఉన్నది తప్పు పనిముట్టు.

కొమ్మని బ్లేడు లోతుల్లోకి, బోల్టుకి దగ్గరగా పెట్టాలి. అక్కడ బలం ఎక్కువ, బ్లేడు మీద పక్కవాటు ఒత్తిడి తక్కువ. కొనతో కోసే అలవాటు ఉంటే కొన వంగుతుంది, చిగుళ్ళు తుంచడానికి తప్ప కొన వాడొద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి: పదును బ్లేడు ఎప్పుడూ చెట్టుకి మిగిలే భాగం వైపు ఉండాలి, కొక్కెం తీసేసే ముక్క వైపు. కొక్కెం నొక్కే చోట బెరడు నలుగుతుంది. ఆ నలుగుడు కింద పడే ముక్కకి పోవాలి. తిప్పి పట్టుకుంటే ఆ గాయం చెట్టుకి మిగులుతుంది, పైగా కొక్కెం మందం మేర మొండి కూడా మిగులుతుంది. ఆ మొండి ఎండి లోపలికి కుళ్ళుతుంది.

కన్ను (చిగురు వచ్చే మొగ్గ) పైన కోసేటప్పుడు 5–6 మిల్లీమీటర్లు వదిలి, కన్ను నుంచి దూరంగా కొద్దిగా వాలు వచ్చేలా కోయండి. మరీ దగ్గరైతే కన్ను ఎండిపోతుంది, మరీ ఎత్తైతే పై ముక్క ఎండుతుంది. కణుపుకి రెండు వైపులా ఎదురెదురు కళ్ళు ఉండే మొక్కల్లో వాలు అక్కర్లేదు, అడ్డంగా కోసేయండి.

#10 మొదటిమొగ్గ

ఎండుకొమ్మలకి ఆన్విల్ రకం మంచిదంటారు. నిజమేనా? దాని పదును పద్ధతి కూడా ఇదేనా?

#11 కొమ్మకోత

నిజమే. ఆన్విల్‌లో బ్లేడు నేరుగా దిగి చదునైన దిమ్మె మీద కూర్చుంటుంది, కత్తిపీట మీద కత్తి దిగినట్టు. పక్కకి తప్పుకునే వీలు లేదు కాబట్టి గట్టి ఎండుచెక్కకి కూడా బ్లేడు వంగదు, బలం తక్కువ సరిపోతుంది. కానీ పచ్చి కొమ్మని దిమ్మెకి వేసి నలుపుతుంది. బతికున్న కొమ్మకి బైపాస్, ఎండుపుల్లకి ఆన్విల్, ఇందులో రాజీ వద్దు.

పదును వేరే. దీని బ్లేడుకి రెండు వైపులా ఏటవాలు ఉంటుంది, రెండు వైపులా సమంగా పెట్టాలి. (చిగురుమడి గారు చేసింది ఈ రకానికైతే సరిగ్గా సరిపోయేది.) అంచు తిన్నగా ఉండాలి. మధ్యలో పల్లం పడితే రెండు చివర్లు దిమ్మెని తాకి మధ్యలో సందు మిగులుతుంది, పుల్ల తెగకుండా వేలాడుతుంది. దిమ్మె మీద లోతైన గాడి పడినా ఇదే జరుగుతుంది. మెత్తటి లోహపు దిమ్మె అయితే ఆకురాయితో పైపొర తీసి చదును చేయొచ్చు, ప్లాస్టిక్ అయితే మార్చాలి.

#12 వేపగాలి

తెగులు సోకిన చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్ళేటప్పుడు బ్లీచింగ్ నీళ్ళలో ముంచమని చాలామంది చెప్తారు. అలా చేస్తే బ్లేడుకి మచ్చలు పడుతున్నాయి. స్పిరిట్ సరిపోదా?

#13 తెల్లబెరడు

చాలా సందర్భాల్లో 70 శాతం ఆల్కహాల్ సరిపోతుంది. ఐసోప్రొపైల్ అయినా ఇథైల్ అయినా పర్వాలేదు. 95 శాతం ఇంకా బలమైనదనుకోవద్దు. క్రిములలోని ప్రొటీన్లు చెడాలంటే కొంత నీరు ఉండాలి, పైగా బలమైన ఆల్కహాల్ పని చేసేలోపే ఆవిరైపోతుంది. ముందు జిగురు, మట్టి గుడ్డతో తుడిచాకే ఆల్కహాల్ పట్టించి, తడిగా ఓ అర నిమిషం ఉంచండి. జిగురు మీద చల్లితే కింద ఉన్న క్రిముల దాకా పోదు.

బ్లీచ్ అయితే ఒక వంతు ఇంటి బ్లీచ్ ద్రావణం, తొమ్మిది వంతుల నీళ్ళు. ఇది ఏ రోజుకి ఆ రోజు కలుపుకోవాలి, నిలవ ఉంటే బలం తగ్గుతుంది. మట్టి, ఆకు రసం కలిసినా తగ్గుతుంది. ఇనుమునీ అల్యూమినియాన్నీ తింటుంది, మీ మచ్చలు అవే. వాడితే పని కాగానే మంచి నీళ్ళతో కడిగి, తుడిచి, నూనె రాయాలి. బ్లీచ్‌ని ఆల్కహాల్‌తో గానీ, వెనిగర్ లాంటి ఆమ్లాలతో గానీ, అమ్మోనియాతో గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు, విషవాయువులు పుడతాయి. ఒకే గిన్నెలో ఒకదాని తరవాత ఒకటి పోయడం కూడా కలపడం కిందే లెక్క.

#14 వేపగాలి

అయితే బ్లీచ్ పూర్తిగా మానేయొచ్చన్నమాట?

#15 తెల్లబెరడు

పూర్తిగా కాదు. వైరాయిడ్ల (వైరస్‌ల కంటే చిన్న తెగులు కారకాలు) మీద ఆల్కహాల్ పని చేయదు. నిమ్మజాతిలో ఎక్సోకార్టిస్ వైరాయిడ్ కోత పనిముట్ల ద్వారా కూడా చెట్టు నుంచి చెట్టుకి పాకుతుంది, దానికి బ్లీచే వాడాలి. పొగాకు మొజాయిక్ వైరస్ కూడా ఆల్కహాల్‌కి లొంగదు. దానికి ట్రైసోడియం ఫాస్ఫేట్ 10 శాతం ద్రావణం గానీ, 20 శాతం వెన్న తీసిన పాలపొడి ద్రావణం గానీ వాడతారు. పాలలోని ప్రొటీన్లు వైరస్ కణాలని పట్టేసుకుంటాయి.

నిప్పు మీద కాల్చడం మాత్రం వద్దు. క్రిములు పోతాయి, దాంతో పాటు బ్లేడు పాకం (ఉక్కుకి పెట్టిన గట్టిదనం) కూడా పోతుంది. ఆరో నంబర్ పోస్టులో చెప్పిన నీలం రంగు ఇక్కడా వస్తుంది.

వరస కూడా ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న చెట్లు ముందు, తెగులు ఉన్నవి ఆఖరున. రెండు సికేచర్లు పెట్టుకుని ఒకటి ద్రావణంలో ఉండగా ఇంకోటి వాడుకుంటే సమయం వృథా కాదు. బ్యాక్టీరియా తెగుళ్ళున్న తోటలో ఆకులు తడిగా ఉన్నప్పుడు అసలు కోతే పెట్టకండి, బ్యాక్టీరియా తడి మీదే పాకుతుంది.

#16 మొదటిమొగ్గ

తుప్పు పట్టిన పాత సికేచర్ ఒకటి ఉంది. ఉప్పు కాగితంతో రుద్దితే చాలా? నూనె ఏది వాడాలి?

#17 ఆకురాయి

పైపై ఎర్రదనం అయితే స్టీల్ పీచు, నూనె చాలు. లోతుగా పట్టినదైతే విప్పి, ఉక్కు భాగాలని మాత్రమే తెల్ల వెనిగర్‌లో ముంచండి. మూడు నాలుగు గంటలకోసారి తీసి బ్రష్షు పెట్టండి. రాత్రంతా ఉంచాల్సి రావచ్చు, అంతకు మించి వద్దు, ఆమ్లం మంచి ఉక్కుని కూడా తింటుంది. అల్యూమినియం పిడుల్ని వెనిగర్‌లో వేయకండి. తీశాక వంట సోడా కలిపిన నీళ్ళలో ముంచి ఆమ్లాన్ని విరిచి, మంచి నీళ్ళతో కడిగి వెంటనే ఆరబెట్టి నూనె పట్టించండి. ఆలస్యమైతే అర గంటలోనే మళ్ళీ పల్చటి తుప్పు పొర వస్తుంది. అంచు మీద గుంటలు మిగిలితే అవి పోయేదాకా రుద్దాలి. గుంట దగ్గర అంచు విరుగుతూనే ఉంటుంది.

నూనెకి కుట్టుమిషను నూనె లాంటి పల్చటి మెషీన్ ఆయిల్ మంచిది. వంట నూనెల్లో చాలావరకు గాలికి చిక్కబడి బంకలా మారతాయి, బోల్టు పట్టేస్తుంది. డబ్ల్యూడీ-40 తడిని తరమడానికి చేసిన ద్రవం, ఆ పేరు కూడా నీటిని తొలగించే నలభయ్యో ప్రయత్నం అని సూచించేదే. తడి పోగొట్టడానికి, జిగురు కరిగించడానికి వాడండి, కానీ దాని పైన అసలు నూనె వేయాలి.

కార్బన్ ఉక్కు బ్లేడుకి నూనె రోజూ కావాలి, స్టెయిన్‌లెస్‌కి వారానికోసారైనా సరిపోతుంది. అయినా సన్నటి పదును నిలపడంలో, రాయికి త్వరగా లొంగడంలో కార్బన్ ఉక్కే మేలు, ఆ కాస్త నూనె శ్రమకి తగినది.

చెక్క పిడులకి అవిసె నూనె పల్చగా రాసి, పావుగంట ఆగి మిగులు తుడిచేయండి. తుడిచిన గుడ్డని ముద్ద చేసి పారేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. విడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో వేయండి.

#18 ఎడమవాటం

ఎడమచేతి వాటం వాళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. కుడిచేతి సికేచర్ ఎడమ చేత్తో పట్టుకుంటే కొక్కెం అడ్డొచ్చి కోత గీత కనపడదు, దాంతో మొండి మిగులుతుంది. లాక్ కూడా బొటనవేలికి అందదు. ఎడమచేతికి విడిగా చేసినవి ఉన్నాయి, ఉదాహరణకి ఫెల్కో 9. అదే కంపెనీ ఫెల్కో 2 కుడిచేతిది. ఈ రెండూ పూర్తిగా విప్పి ఒక్కో భాగం మార్చుకోగలిగేవి. ఏ కంపెనీదైనా కొనేముందు బ్లేడు, స్ప్రింగు, బోల్టు విడిగా దొరుకుతాయా అని అడగండి. రివెట్ కొట్టినవి విప్పలేం, ఇక్కడ చెప్పిన సగం పనులు వాటికి కుదరవు.

#19 వేపగాలి

రంపం గురించి కూడా ఎవరైనా రాయండి. మడత రంపం పదును పోయింది, ఆకురాయి జారిపోతోంది, పళ్ళకి పట్టుకోవడం లేదు.

#20 కొమ్మకోత

పళ్ళ కొనలు నల్లగానో నీలంగానో ఉన్నాయా చూడండి. ఉంటే అవి విద్యుత్తుతో క్షణకాలం వేడి చేసి గట్టిపరచిన పళ్ళు. అవి ఆకురాయి కంటే గట్టివి, అందుకే జారుతోంది. వాటికి పదును పెట్టలేం, బ్లేడే మార్చాలి. (గ్రైండర్ మీద వచ్చే నీలం మెత్తదనానికి గుర్తు, ఇది గట్టిదనానికి గుర్తు, రెంటినీ కలపకండి.) అలా రంగు లేని పాతకాలపు పళ్ళయితే సన్నటి మూడంచుల ఆకురాయితో ఒక్కో పన్నూ తీర్చవచ్చు. అయితే మార్చే ముందు ఒకసారి జిగురు కడగండి. పళ్ళ మధ్య బంక నిండితే పొట్టు బయటికి రాదు, పదును పోయినట్టే అనిపిస్తుంది.

మడత రంపాల్లో చాలావరకు లాగినప్పుడు కోస్తాయి. నెట్టేటప్పుడు బరువు వేస్తే పల్చటి బ్లేడు వంగుతుంది, కొన్నిసార్లు విరుగుతుంది. లాగేటప్పుడు బలం, నెట్టేటప్పుడు వదులు. బ్లేడు పొడవంతా వాడుకోండి.

బరువైన కొమ్మని ఒక్క కోతలో తీయొద్దు. పైనుంచి కోస్తే సగంలోనే బరువుకి కిందికి చీలి, మాను బెరడుని బారుగా లాక్కుపోతుంది. మూడు కోతలు పెట్టాలి. మొదటిది మాను నుంచి ఒక అడుగు దూరంలో కింది నుంచి పైకి, మందంలో పావు నుంచి మూడో వంతు. రంపం పట్టేసేదాకా ఆగకుండా ముందే తీసేయండి. రెండోది దానికి రెండు మూడు అంగుళాలు అవతల, పైనుంచి. కొమ్మ పడిపోతుంది, చీలిక మొదటి కోత దగ్గర ఆగుతుంది. ఇప్పుడు మిగిలిన తేలిక ముక్కని మూడో కోతతో తీయండి.

ఆ మూడో కోత ఎక్కడన్నదే అసలు విషయం. కొమ్మ మొదట్లో మానుని కలిసే చోట ఉబ్బెత్తు కాలర్ ఉంటుంది. దాని బయట కోయాలి. మానుకి సమంగా నున్నగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ కాలర్ పోతుంది, గాయాన్ని మూసేది అదే. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లని కోసి చూసి నిరూపించింది ఇదే. చెట్టు గాయాన్ని మాన్పదు, చుట్టూ గోడలు కట్టి కుళ్ళుని లోపలే బంధిస్తుంది. పెయింటు, తారు లాంటివి పూసినా కుళ్ళు ఆగదని కూడా ఆయన పరిశోధనలే చూపించాయి. కోత సరైన చోట ఉంటే పూత అక్కర్లేదు.

రెండో చేయి రంపం దారిలో, కొమ్మ కింద ఉంచకండి. భుజం ఎత్తు దాటిన కొమ్మకి నిచ్చెన మీద నిలబడి ఒంటి చేత్తో కోయకండి, కర్ర రంపం (పొడవాటి కర్ర కొసన బిగించిన రంపం) వాడండి. దగ్గర్లో కరెంటు తీగలుంటే కర్ర రంపం కూడా వద్దు.

#21 చిగురుమడి

అందరికీ ధన్యవాదాలు. చదును వైపు నల్ల గీత పూర్తిగా పోయింది, రెండు గంటలు పట్టింది. బిగువు కుదిరింది, పిడి సగంలో ఆగుతోంది. పేపరు ఇప్పుడు మొదలు నుంచి దాదాపు కొన దాకా తెగుతోంది. ఆఖరి 3–4 మిల్లీమీటర్లు మాత్రం కోయడం లేదు, ఒత్తి వదిలేస్తోంది. వెలుతురులో చూస్తే సందు లేదు. పిడులు పూర్తిగా మూసినా బ్లేడు కొన కొక్కేన్ని దాటడం లేదు, అంతే.

#22 ఆకురాయి

అది పదును సమస్య కాదు, ఆగుడు సమస్య. మీ బ్లేడు ఆకురాయి పెట్టినప్పుడూ రాయి మీదా కొంత వెడల్పు తగ్గింది. అంచు వెనక్కి జరిగింది కానీ పిడులు పాత చోటే ఆగుతున్నాయి. పిడుల మధ్య చిన్న రబ్బరు దిమ్మె గానీ, బోల్టు దగ్గర లోహపు ఆగుడు గానీ ఉంటుంది. దాన్ని కొద్దిగా తగ్గిస్తే బ్లేడు ఇంకాస్త దిగుతుంది. లోహపుదైతే ఆకురాయితో రెండు మూడు లాగుళ్ళు, జోడించి పేపరు పరీక్ష, మళ్ళీ రెండు లాగుళ్ళు. ఎక్కువ తీస్తే బ్లేడు కొక్కేన్ని మరీ దాటిపోయి కొన బయటికి పొడుచుకొస్తుంది, వేలికి ప్రమాదం. కొన కొక్కేన్ని ఒక మిల్లీమీటరు దాటితే చాలు.

రబ్బరు దిమ్మె అయితే కోయకండి, ముందు తీసి చూడండి. కింద మట్టి, బంక పేరుకుని దిమ్మె పైకి లేచి ఉండొచ్చు.

#23 చిగురుమడి

రబ్బరు దిమ్మే. తీస్తే కింద గట్టిపడిన జిగురు రెండు మిల్లీమీటర్ల మందం ఉంది. గీకి, స్పిరిట్‌తో తుడిచి తిరిగి పెట్టాను. పేపరు కొన దాకా తెగింది. చిటికెన వేలంత పచ్చి కొమ్మ మీద కూడా చూశాను, నార లేదు.